మందు ముట్టని నాకు ఫ్యాటీ లివర్

రిపోర్టు చేతికొచ్చి రెండు రోజులైంది. ఒళ్ళు మంట ఇంకా తగ్గలేదు, అందుకే రాస్తున్నా.

ఆఫీసు చెకప్‌లో ఎస్‌జీపీటీ (లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైము) 64 వచ్చింది, ఎక్కువే. పొట్ట స్కానింగ్ రాశారు. పరగడుపున వెళ్ళాను.

మా మామయ్యగారు తోడొచ్చారు. అదీ నా ఖర్మ. గది తలుపు బార్లా తీసే ఉంది. పొట్ట మీద జెల్లు పూసి మెషీన్ తిప్పుతూ "గ్రేడ్ టూ ఫ్యాటీ లివర్. రోజూ ఎంత తాగుతారు?" అన్నాడు స్కానింగాయన. తాగనండి అన్నాను. "వీకెండ్స్‌లోనా?" అసలు అలవాటే లేదండి. "అందరూ ఇదే చెప్తారు సార్" అని నవ్వి, తర్వాతి పేరు పిలిచాడు. తుడుచుకోవడానికి కాగితం ముక్కైనా ఇవ్వలేదు. జెల్లు మీదే చొక్కా వేసుకుని బయటికొస్తే, మామయ్యగారు తన చెప్పుల వంక చూస్తూ కూర్చున్నారు. ఆటోలో ఒక్క మాట లేదు. రాత్రి మా ఆవిడ "నాన్న అడగమన్నారు..." అని మొదలుపెట్టింది. పదమూడేళ్ళ కాపురం మాది!

లివర్ డాక్టరమ్మ మాత్రం మందు మాట ఒక్కసారే అడిగి, నమ్మి, టీల లెక్క అడిగారు. రోజుకు ఆరు, రెండేసి చెంచాల చక్కెర. పైగా కూల్‌డ్రింకు, రెండు పూటలా అన్నం, పది గంటలు కుర్చీలోనే. ఇన్సులిన్ సరిగ్గా పనిచేయకపోతే, ఒంటికి ఎక్కువైన చక్కెరను లివరే కొవ్వుగా మార్చి దాచుకుంటుందట. హైదరాబాద్‌లో 345 మంది ఐటీ ఉద్యోగులను సెంట్రల్ యూనివర్సిటీ, ఏఐజీ ఆసుపత్రి వాళ్ళు పరీక్షిస్తే 84 శాతం మందికి లివర్‌లో కొవ్వు ఎక్కువే ఉందని 2025లో బయటికొచ్చింది. అంతమందీ తాగుబోతులేనా? 2023లో 'నాన్ ఆల్కహాలిక్ ఫ్యాటీ లివర్' అనే ఈ జబ్బు పేరులోంచి 'ఆల్కహాల్' మాటే తీసేశారు, రోగులకు అవమానంగా ఉందని. ఆ స్కానింగాయనకు ఎవరైనా చెప్పండి.

లివర్ ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్ తేలిక. మూడు గంటలు ఏమీ తినకుండా వెళ్ళి, కుడిచెయ్యి తలకింద పెట్టి పడుకుంటే పక్కటెముకల మధ్య వేలితో టక్కున కొట్టినట్టు పది దెబ్బలు. గట్టితనం 5.4, అంటే లివర్‌లో మచ్చలు పడలేదు. ప్రాణం లేచొచ్చింది.

ఈ మచ్చల ముప్పు అంచనా వేసే లెక్క ఒకటి మీరే వేసుకోవచ్చు. వయసుని ఎస్‌జీఓటీతో (ఇదీ రక్తపరీక్షలో వచ్చే లివర్ ఎంజైమే) గుణించి, ప్లేట్‌లెట్ల సంఖ్యను (వేలల్లో) ఎస్‌జీపీటీ వర్గమూలంతో గుణించి, మొదటిదాన్ని రెండోదానితో భాగించాలి. నాది 41, 44, 240, 64: 0.94 వచ్చింది. 1.3 లోపుంటే ముదిరిన మచ్చలు ఉండే అవకాశం తక్కువ. మెడికల్ షాపువాడు అంటగట్టే లివర్ టానిక్కులు మాత్రం కొనకండి. నాకు రాసిన మందు బరువు తగ్గడమే: 84 కిలోల నుంచి 78కి. ఏడు శాతం దాటి తగ్గితే కొవ్వుతో పాటు వాపు కూడా తగ్గుతుందట.

నిన్న మామయ్యగారు ఫోన్ చేశారు. "అల్లుడుగారూ, మొత్తానికి మానేశారా?"

మానేశానండీ, టీలో చక్కెర అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు.