జనవరి పొగమంచు దాటి రిగి కొండ మీదికి

అమ్మానాన్నలు కాజీపేట నుంచి జ్యూరిక్‌లో మా ఇంటికి వచ్చి తొమ్మిది రోజులైంది. ఒక్క రోజూ ఎండ లేదు. కిటికీ తీస్తే ఎదురింటి కప్పు కూడా కనపడనంత పొగమంచు. "ఇంత దూరం వచ్చింది ఈ మంచు చూసుడుకేనా బిడ్డా?" అని అమ్మ అడిగినప్పుడు మనసు చివుక్కుమంది.

చలికాలంలో ఇక్కడ ఇది మామూలే. బరువైన చల్లగాలి ఆల్ప్స్‌కూ జూరా కొండలకూ మధ్యనున్న పల్లపు ప్రాంతంలో దిగబడిపోతుంది. దాని మీద వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. ఆ మూత కిందే పొగమంచు, పైన మాత్రం నిర్మలమైన ఆకాశం. అందుకే ఇక్కడివాళ్ళు వాతావరణ సూచనలో పొగమంచు ఎంత ఎత్తు వరకు ఉందో చూస్తారు. ఆ రోజు అది 1,000 మీటర్లు. జ్యూరిక్‌కు దక్షిణాన ఉన్న రిగి కొండ ఎత్తు దాదాపు 1,800. పొద్దున్నే కొండ మీది వెబ్‌కామ్ తెరిస్తే తెల్లటి మంచు మీద ఎండ మెరుస్తోంది. "లేవండి, పోదాం" అన్నాను.

ముందే కొంటే చవగ్గా వచ్చే టికెట్లున్నాయి కానీ, చలికాలంలో తేదీకి కట్టుబడటం నాకిష్టం లేదు. వాళ్ళిద్దరికీ నెల రోజుల హాఫ్ ఫేర్ కార్డు తీసుకున్నాను. రైలు, పడవ, కొండరైలు అన్నిటికీ సగం ధరే, ఏ పూట కావాలంటే ఆ పూట బయల్దేరొచ్చు. ఈ కాలంలో పడవలు తక్కువ కాబట్టి సాయంత్రం పడవ టైమ్ చూసుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్క వేసుకున్నాను. జ్యూరిక్ నుంచి కొండ కిందున్న ఆర్త్-గోల్డావు స్టేషన్, అక్కడి నుంచి కొండ మీదికి, అటు పక్క సరస్సు ఒడ్డునున్న విట్జ్‌నావుకు దిగి, పడవలో లూసెర్న్ ఊరు, మళ్ళీ రైల్లో ఇంటికి.

ఆర్త్-గోల్డావులో నా లెక్క తప్పింది. కొండరైలు ప్లాట్‌ఫారం మిగతా పట్టాలకు పైన, ఎత్తులో ఉంటుంది. అమ్మ మోకాళ్ళ నొప్పితో మెల్లగా మెట్లెక్కేసరికి రైలు కదిలిపోయింది. ఇంకోటి గంట తర్వాతే. ఆ చలిలో అమ్మను కూర్చోబెట్టాల్సి వచ్చిందని చాలా టెన్షన్ పడ్డాను. పెద్దవాళ్ళతో వచ్చేవాళ్ళు రైలు మారే టైమ్‌ను కచ్చితంగా రెట్టింపు వేసుకోవాలి. డబ్బాలో తెచ్చుకున్న పులిహోర అక్కడే తిన్నాం.

నాన్న మాత్రం ఆ గంటను వదల్లేదు. కాజీపేట లోకో షెడ్‌లో పనిచేసి రిటైరయిన మనిషి. ప్లాట్‌ఫారం చివర వంగి పట్టాల మధ్యకు చూస్తూ నన్ను పిలిచారు. నిచ్చెనను పడుకోబెట్టినట్టు ఉంది: రెండు ఇనుప పట్టీలు, వాటి మధ్య వరసగా అడ్డకమ్మీలు, వాటి మీద నల్లటి గ్రీజు, గ్రీజు మీద సన్నటి మంచు. రైలు కిందున్న పళ్ళచక్రం ఒక్కో కమ్మీనీ పట్టుకుంటూ ఎక్కుతుంది. "ఊటీ రైలుకు ఇట్లా కాదు, పళ్ళున్న పట్టీలు రెండు పక్కపక్కన ఉంటయి" అన్నారు. ఈ నిచ్చెన పట్టాను కనిపెట్టినవాడు నిక్లావుస్ రిగ్గెన్‌బాఖ్. విట్జ్‌నావు వైపు లైను 1871లో మొదలైంది, యూరప్‌లో మొదటి పళ్ళచక్రపు కొండరైలు అదే. మేమెక్కిన వైపు లైను 1875 నాటిది. నూట యాభై ఏళ్ళ కిందటి ఉపాయం ఇంకా అలాగే పనిచేస్తోందని నాన్న మాటిమాటికీ అన్నారు.

రైలు ఎక్కుతున్నంతసేపూ కిటికీ బయట బూడిద రంగే. తర్వాత ఆ బూడిద కొంచెం పసుపుగా మారింది. మంచు కప్పిన దేవదారు చెట్ల నీడలు పడ్డాయి. ఒక్క మలుపు తిరగ్గానే నీలం! బోగీలో అందరూ ఒకేసారి "ఆ" అన్నారు. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

రిగి కుల్మ్ స్టేషన్ నుంచి శిఖరం దాకా నడక కొంచెమే, కానీ తొక్కి తొక్కి గట్టిపడ్డ మంచు. బూట్లకు తొడిగే ఇనుప ముళ్ళ రబ్బరు పట్టీలు అమ్మకు ముందే కొనడం మంచిదైంది. అయినా ఒకచోట భయపడి ఆగిపోయింది. వెనక వస్తున్న పెద్దావిడ ఒకరు, అమ్మ కంటే వయసులో పెద్దే అనుకుంటా, తన చేతికర్ర నాకిచ్చి అమ్మ మోచెయ్యి పట్టుకున్నారు. "లంగ్‌సామ్, లంగ్‌సామ్" అంటూ పైదాకా నడిపించారు. నిదానంగా అని అర్థం.

పైనుంచి చూస్తే కింది లోకమే లేదు. కనుచూపు మేరా తెల్లటి మంచు మేఘం, అందులోంచి దీవిలా పిలాటుస్ కొండ, దక్షిణాన వరసగా ఆల్ప్స్. "ఏనుమాముల మార్కెట్ల పత్తి పోసినట్టే ఉన్నది" అంది అమ్మ. ఆ పత్తి కిందే సరస్సు ఉందంటే నమ్మలేదు. కింద మైనస్ రెండు, పైన ఐదు డిగ్రీలు. అమ్మ మఫ్లర్ తీసి, తొమ్మిది రోజుల తర్వాత ముఖం ఎండకు పెట్టి, బెంచీ మీద కళ్ళు మూసుకుని కూర్చుంది. నేను కదపలేదు.

దిగేటప్పుడు మళ్ళీ పొగమంచులోకే. విట్జ్‌నావులో సరస్సు సీసం రంగులో, అల కూడా లేకుండా ఉంది. లూసెర్న్ దాకా పడవలో దాదాపు గంట. వెగ్గిస్ ఒడ్డున దీపాలు మసకగా దాటిపోయాయి. నాన్న పేపర్ నాప్‌కిన్ మీద ఆ నిచ్చెన పట్టా బొమ్మ గీస్తున్నారు. అమ్మ వరంగల్‌లో పిన్నికి ఫోన్ చేసింది. "ఆమె ఎవరో ఏమో చెల్లే, నా చెయ్యి పట్టుకొని లంగ్‌సామ్, లంగ్‌సామ్ అనుకుంట పైదాకా తీస్కపోయింది" అని మూడోసారి చెబుతోంది.