నాలుగో ఇంజెక్టర్

నిన్న గాజువాక ఆటోనగర్‌లో ఒక డీజిల్ షెడ్డులో రెండు గంటలు కూర్చున్నాను. బండి వారం రోజులుగా వణుకుతోంది, అదే టెన్షన్. మేస్త్రి నాలుగో ఇంజెక్టర్ (ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే పరికరం) సాకెట్ విప్పి చూపించాడు. సముద్రపు గాలికి పిన్నులకు ఆకుపచ్చగా చిలుము పట్టేసింది.

"ఇది పీజో రకం సార్, కరెంటిస్తే సాగే పింగాణీతో పనిచేస్తది. ఇంజిన్ నడుస్తుండగా సాకెట్ పీకకూడదు. లోపల కరెంటు ఉండిపోతే నోరు తెరుచుకునే ఉండిపోద్ది" అన్నాడు.

అక్కడే ఒక పాత ఇంజెక్టర్ కోసి పెట్టి ఉంది. చేతిలోకి తీసుకున్నాను. లోపల చిటికెన వేలంత కూడా లేని పింగాణీ కడ్డీ. నిజానికి అది కడ్డీ కాదు, కాగితంలాంటి పలుచని పొరలు వందల కొద్దీ పేర్చినది. నూరు వోల్టుల పైచిలుకు ఇస్తే సాగుతుంది. ఎంత? తన పొడవులో వెయ్యోవంతు. 40 మిల్లీమీటర్ల కడ్డీ అయితే 40 మైక్రాన్లు, అంటే తల వెంట్రుక మందంలో సగం! కానీ ఆ సాగడంలో ఉన్న బలం, వేగం చాలా ఎక్కువ. సెకనులో వెయ్యోవంతు కూడా పట్టకుండానే వాల్వు తెరుచుకుంటుంది. అందుకే ఒక్క స్ట్రోకుకే డీజిల్‌ని కొంచెం కొంచెంగా నాలుగైదు సార్లు చిమ్మగలదు.

వంటింట్లో గ్యాస్ లైటర్ నొక్కితే నిప్పురవ్వ వస్తుందే, దానికిది తిరగబడ్డ పని: అక్కడ నొక్కితే కరెంటు పుడుతుంది, ఇక్కడ కరెంటు ఇస్తే సాగుతుంది. క్యూరీ సోదరులు 1880లో మొదటిది, అంటే నొక్కితే కరెంటు పుట్టడం, కనిపెట్టారు, మరుసటి ఏడాదే రెండోదీ రుజువు చేశారు.

పిన్నులు శుభ్రం చేశాక బండి వణుకు ఆగింది. కోసిన ముక్కను అడిగి ఇంటికి తెచ్చుకున్నాను, పాప చూస్తానంది.