క్లాటెన్ ఊళ్లలో లెక్కల బోర్డులు, తూకం బల్లలు

ఇండోనేషియాలోని యోగ్యకర్తకు వెళ్లే మనవాళ్లు బొరోబుదూర్, ప్రంబనన్ చూసేసి బాలి విమానం ఎక్కేస్తారు. ఆ గుళ్లు మేమూ చూశాం. వాటి గురించి రాసినవాళ్లు బోలెడుమంది. ప్రంబనన్ దాటి సోలో నగరం వైపు వెళ్తే వచ్చే క్లాటెన్ జిల్లా గురించి ఎవరూ రాసినట్టు లేదు. యోగ్యకర్త, సోలోల మధ్య నడిచే కరెంటు లోకల్ రైలుకి ఎక్కడ దిగినా టికెట్ 8 వేల రూపియాలు. అంకె చూసి కంగారు పడక్కర్లేదు, మన డబ్బుల్లో యాభై రూపాయలు కూడా కాదు.

మేం వెళ్లింది 2024 ఆగస్టులో. 17న వాళ్ల స్వాతంత్ర్య దినం కాబట్టి ఏ ఊరు చూసినా ఎరుపు, తెలుపు జెండాలే. ఊరి ఆఫీసుల ముందు జెండాల మధ్య పెద్ద ఫ్లెక్సీ ఒకటి కనబడుతుంది. మన దగ్గరలాగే ఊరి పెద్ద నవ్వుతున్న ఫొటో ఉంటుంది. పక్కన మాత్రం ఊరి బడ్జెట్ ఉంటుంది. పైనుంచి ఎంత వచ్చింది, ఊరి సొంత ఆదాయమెంత, రోడ్డుకెంత, కాలువకెంత, పిల్లల ఆరోగ్యానికెంత, అన్నీ దారిన పోయేవాళ్లు ఆగి చదువుకునేలా రాసి పెడతారు. 2014లో గ్రామాల చట్టం చేశారు. 2015 నుంచి దేశంలోని 75 వేల ఊళ్లకు ఏటా కేంద్రం నిధులు వస్తున్నాయి. ఆ డబ్బు లెక్క ఊరికి చెప్పి తీరాలి.

మేం దిగిన హోమ్‌స్టే యజమాని రిటైరైన టీచరు. మాకు ఆయన్ని మాస్టారూ అనే పిలవాలనిపించింది. "బోర్డు మీద రాసినంత మాత్రాన దొంగతనం ఆగుతుందా?" అని అడిగాను. ఆగదన్నారు. ఊరి నిధులు మింగి జైలుకెళ్లిన పెద్దల వార్తలు వాళ్ల పేపర్లలో తరచూ వస్తాయట. "కాకపోతే, ఫలానా కాలువకు ఇంత అని రాశావు, ఆ కాలువ ఏదీ అని అడగడానికి ఒక అంకె చేతిలో ఉంటుంది" అన్నారు. మన ఉపాధి హామీ సామాజిక తనిఖీల్లో జరిగేది కూడా ఇదే కదా అనుకున్నాను.

ఆయనే మమ్మల్ని పొంగ్గొక్ తీసుకెళ్లారు. అక్కడ ఉంబుల్ పొంగ్గొక్ అని ఒక ఊట కొలను ఉంది. ఒకప్పుడు స్నానాలకు, పొలాలకు వాడుకునేవారు. 2009లో ఊరు సొంతంగా ఒక సంస్థ పెట్టుకుని కొలనుకి టికెట్ పెట్టింది. నీళ్లు ఎంత తేటగా ఉంటాయంటే, అడుగున మోటారు సైకిల్ పెట్టి, దాని మీద కూర్చోబెట్టి, చుట్టూ చేపలు తిరుగుతుంటే ఫొటో తీస్తారు. నాకది కాస్త వెర్రిగానే అనిపించింది, మా ఆవిడ మాత్రం దిగింది. ఆ వెర్రే ఊరికి అన్నం పెడుతోంది. కొన్నేళ్లలోనే ఊరి సంస్థ ఆదాయం ఏడాదికి వెయ్యి కోట్ల రూపియాలు దాటింది, అంటే మన లెక్కలో ఐదు కోట్ల పైచిలుకు. అందులో ఊళ్లోవాళ్లకు వాటాలున్నాయి, కాలేజీ పిల్లలకు ఊరి డబ్బుతో స్కాలర్‌షిప్పులున్నాయి. అయితే ఊట ఉన్న ఊరికి ఇది సాగింది. ఊట లేని పక్క ఊరు ఏం అమ్ముకోవాలో చట్టంలో రాసి లేదు.

నాకు వీటన్నిటికంటే నచ్చింది పోస్యాందు. నెలకోసారి, ఏ వాడకావాడలో పసిపిల్లల్ని తూచి చూసే చోటు. మేం చూసినది ఆ వీధి పెద్ద గారి ఇంటి వరండాలో నడుస్తోంది. పద్ధతి ప్రకారం ఐదు బల్లలు. మొదటి దగ్గర పేరు రాయించాలి, రెండో దగ్గర తూకం, మూడో దగ్గర ఆ తూకాన్ని తల్లి పుస్తకంలో గీత మీద గుర్తు పెట్టడం, నాలుగో దగ్గర సలహా. ఐదో బల్ల దగ్గర మాత్రమే ప్రభుత్వ ఆరోగ్య కేంద్రం నుంచి వచ్చిన నర్సు టీకాలు వేస్తుంది. మిగతా నాలుగూ వీధిలో ఆడవాళ్లవే. ఫిబ్రవరి, ఆగస్టు విటమిన్ ఎ నెలలు కాబట్టి ఆ రోజు రద్దీ ఎక్కువ. ఏడాది లోపు పిల్లలకు నీలం గొట్టం మాత్ర, ఆపైన వాళ్లకు ఎర్ర గొట్టం మాత్ర. ఒక బుడ్డోడు తనకి ఎర్రది కాదు, చెల్లి నీలందే కావాలని వరండా దద్దరిల్లేలా ఏడ్చాడు. చివర్లో అందరికీ పెసలు, కొబ్బరిపాలు, బెల్లం వేసి కాచిన జావ. అచ్చం మన పెసర పాయసమే, కాకపోతే పప్పు కాదు, గింజలే వేస్తారు.

1980ల నుంచీ నడుస్తున్న ఏర్పాటిది. వయసుకు తగ్గ ఎత్తు లేని పిల్లలు దేశంలో 2018లో నూటికి 30.8 మంది, 2022 నాటికి 21.6. ఆ తగ్గుదలకు కారణాలు చాలా ఉండొచ్చు. ఏ పిల్లాడు ఎదగడం లేదో ముందు కనిపెట్టేది మాత్రం ఈ తూకం బల్ల దగ్గరే.

జీతమెంతని అడిగితే ఆ ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. జీతం లేదు, దారి ఖర్చులకని కొద్దిగా ఇస్తారు. ప్రజలే నడుపుకునే సంస్థ అని ప్రభుత్వం ఎంత గొప్పగా చెప్పుకున్నా, నడిపేది ఊరికే పనిచేసే ఆడవాళ్లని తెలిశాక నాకు అది అంత గొప్పగా అనిపించలేదు. మా ఆంధ్రలో అంగన్‌వాడీ టీచరుకు నెలకు 11,500 రూపాయలిస్తారని చెప్పాను. మాస్టారు దాన్ని రూపియాల్లోకి మార్చి చెబితే, ఇరవై లక్షలు దాటేసరికి అందరూ కళ్లు పెద్దవి చేశారు. అది చాలక 2023 డిసెంబరు నుంచి 2024 జనవరి దాకా 42 రోజులు సమ్మె చేశారంటే ఇంకా ఆశ్చర్యపోయారు.

"మరి అన్ని రోజులూ పిల్లల్ని ఎవరు చూశారు?" అని రెండో బల్ల దగ్గరావిడ అడిగింది.

ప్రభుత్వం సెంటర్ల తాళాలు పగలగొట్టి గ్రామ సచివాలయాల సిబ్బందితో నడిపించిందని చెప్పాను.

"మాకు ఆ గొడవ లేదు" అంది ఆవిడ నవ్వుతూ, వరండా చూపించి. "తాళం వేయాలన్నా ఇక్కడ తలుపు లేదు. మేం రాకపోతే మమ్మల్ని పిలుచుకు రావడానికి మా ఇళ్లకే రావాలి."

"అలా పిలవడానికి ఎవరూ రాలేదా ఎప్పుడైనా?" అన్నాను.

"ఇంకా సమ్మె చెయ్యలేదుగా" అంది ఆవిడ. ఐదో బల్ల దగ్గరున్న నర్సు తప్ప అందరూ నవ్వారు.