కుండీలో మందార, గంధరాజం: ఎరువు కన్నా ముందు నీళ్లు చూడండి

బెంగళూరులో వైట్‌ఫీల్డ్, మారతహళ్లి వైపు బోరు నీళ్ల మీద నడిచే ఫ్లాట్లలో గంధరాజం చెడిపోయే తీరు ఒకటే. చివర వచ్చే లేత ఆకులు పసుపుపచ్చగా మారతాయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగానే నిలబడతాయి. అది చూసి బలం చాల్లేదని ఇంకో గుప్పెడు వర్మీ కంపోస్ట్ వేస్తారు. దానివల్ల ఏమీ మారదు, ఎందుకంటే అక్కడ లోటు ఇనుముది.

మట్టిలో ఇనుము ఉన్నా వేరుకి అందదు. బోరు నీళ్లలో బైకార్బొనేట్లు ఎక్కువ, పోసిన ప్రతిసారీ కాస్త సున్నం మట్టిలో మిగులుతుంది. మట్టికుండీ బయట తెల్లటి పొర కట్టేది అందుకే. గంధరాజానికి, నూరువరహాలకి పులుపు మట్టి కావాలి, పీహెచ్ (పులుపు కొలత, తగ్గేకొద్దీ పులుపెక్కువ) 5 నుంచి 6 మధ్య. అది 7 దాటితే ఇనుము గడ్డకట్టినట్టే. పాత ఆకుల నుంచి కొత్తవాటికి ఇనుము కదలదు కాబట్టి ముందు లేతాకులే పాలిపోతాయి. కింది ముదురాకులు ముందు పసుపెక్కితే అది నత్రజని లోటు, అప్పుడు ఎరువు వెయ్యండి. ఈ రెండూ కలిపేసుకుంటే ఏ మందూ పనిచెయ్యదు.

అపార్ట్‌మెంట్‌లో సాఫ్ట్‌నర్ ఉంటే ఆ నీళ్లు ఇంకా చేటు. అది సున్నం తీసి ఆ చోట సోడియం పెడుతుంది, ఆకుల కొసలు మాడతాయి. ఆర్వో నుంచి బయటికి పోయే నీళ్లు కూడా వద్దు, వాటిలో ఉప్పు ఇంకా చిక్కగా ఉంటుంది. వాన నీళ్లు, ఏసీ నుంచి కారే నీళ్లు మంచివి. కావేరి కుళాయి ఉంటే సరే. బోరు తప్ప వేరే దారి లేకపోతే 5 లీటర్లకి పావు టీస్పూను నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి పొయ్యండి.

ఇప్పటికే పాలిపోయిన మొక్కకి: లీటరు మంచి నీళ్లలో ముందు అర గ్రాము నిమ్మ ఉప్పు, తర్వాత 2 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) కరిగించి, సాయంత్రం ఆకుల మీద పిచికారీ చెయ్యండి. వారానికొకసారి, మూడు వారాలు. ఏ పూటకాపూట కలుపుకోవాలి, గోధుమరంగు తిరిగితే పారబొయ్యాలి. టైల్స్ మీద పడితే తుప్పు మరక పోదు, కింద పాత గోనెసంచి పరవండి. కోడిగుడ్డు పెంకులు, కట్టెల బూడిద గంధరాజం, నూరువరహాల దగ్గరికి రానివ్వకండి, రెండూ సున్నం పెంచేవే. ఫిల్టర్ కాఫీ పిప్పి పులుపిస్తుందని నేరుగా పోస్తుంటారు. వాడేసిన పిప్పిలో పులుపు పెద్దగా మిగలదు, పైగా అట్టకట్టి నీళ్లు దిగనివ్వదు. కంపోస్టులో వెయ్యండి.

ఇక ఎండ. మందారకి రోజూ 5 గంటలు, గంధరాజానికి పొద్దుటి ఎండ 3, 4 గంటలు. దక్షిణపు బాల్కనీ మంచిదని నమ్మి మందార పెట్టి, మే నెలలో పూలు ఆగిపోతే తెగులనుకుంటారు. బెంగళూరు 13 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉంది. ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు మూడో వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి ఉత్తరాన ఉంటాడు. ఆ నాలుగు నెలలు దక్షిణపు బాల్కనీలో నేరుగా ఎండ పడదు, కుండీని తూర్పుకి మార్చాల్సిందే. తూర్పు లేకపోతే నందివర్ధనం పెట్టుకోండి. తక్కువ వెలుతురుకి, బోరు నీళ్లకి అది మిగతావాటికన్నా ఓర్చుకుంటుంది. ఇక్కడి నర్సరీలో కన్నడంలో నందిబట్టలు అని అడగండి, మందారని దాసవాళ అంటారు. గదిలోపల పెట్టేదుంటే తెల్లకాగితం మీద అడుగు ఎత్తులో చెయ్యి పెట్టి చూడండి. నీడ అంచు స్పష్టంగా ఉంటే పూలొస్తాయి, మసగ్గా ఉంటే ఆకులే.

గంధరాజం మొగ్గ కట్టడానికి చల్లని రాత్రులు కావాలి, డిసెంబరు, జనవరిల్లో ఇక్కడ రాత్రి 15, 16 డిగ్రీలకి దిగడం దానికి కలిసొస్తుంది. మొగ్గ బఠాణీ గింజంత అయ్యాక కుండీని జరపకండి, తిప్పకండి. ఒక్కరోజు మట్టి పూర్తిగా ఎండినా మొగ్గలు రాలతాయి.

నర్సరీ కవరులో మొక్క చుట్టూ బిగిసిన ఎర్రమట్టి ఉంటుంది. అలాగే కుండీలో దింపితే పోసిన నీళ్లు అంచుల వెంట జారిపోతాయి, నడిమి ముద్ద ఎండిపోయే ఉంటుంది. అరగంట బకెట్లో నానబెట్టి, అంచుల మట్టిని వేళ్లతో వదులు చేసి నాటండి. మట్టి ఒక పాలు, రెండుసార్లు కడిగిన కొబ్బరిపొట్టు రెండు పాళ్లు, వర్మీ కంపోస్ట్ ఒక పాలు. మందారకి 12 అంగుళాల కుండీ, గంధరాజానికి మొదట 8 చాలు.

మందారకి పిండినల్లి తప్పదు. కుండీ మీద చీమలు తిరుగుతున్నాయంటే కొమ్మ కణుపుల్లో, ఆకుల అడుగున వెతకండి. దూదిలా కనిపించేదే. ముందు నీటి ధారతో గట్టిగా కడగండి, మిగిలినవాటిని స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడవండి. తర్వాత లీటరు గోరువెచ్చని నీళ్లలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, 1 మిల్లీలీటరు లిక్విడ్ సోప్ బాగా గిలకొట్టి ఎండ తగ్గాక చల్లండి. ఆ దూది సంచుల్లోని గుడ్లు ఒక్క దఫాతో చావవు, అందుకని వారం తేడాతో మూడుసార్లు. గుత్తులుగా ముడుచుకుపోయిన చిగుర్లు మళ్లీ విప్పుకోవు, కోసి చెత్తలో వెయ్యండి, కంపోస్టులో కాదు.