సెలవుల ప్రయాణంలో మూడు కెమెరాలు

ఈసారి సెలవుల ప్రయాణంలో మా రెండు కుటుంబాల సంచుల్లో మూడు రకాల కెమెరాలున్నాయి. 1/2.3 అంగుళాల చిన్న సెన్సరు (వెల్తురును ఫొటోగా మార్చే చిప్), 30 రెట్ల జూమ్ ఉన్నది ఒకటి. ఒక అంగుళం తరగతి సెన్సరున్న జేబు కెమెరా ఇంకొకటి. మూడోది ఏపీఎస్-సీ అనే ఇంకా పెద్ద సెన్సరున్న, లెన్సులు మార్చుకోగల మిర్రర్‌లెస్ కెమెరా; దానికి కెమెరాతోపాటే వచ్చే కిట్ లెన్సు ఉంది. పరిమితమైన డబ్బుతో కెమెరా వెతికేవాళ్లు చివరికి తేల్చుకోవలసింది ఎక్కువగా ఈ మూడు రకాల మధ్యే. అందుకే సముద్రం దగ్గర, కొండ మీద, మ్యూజియంలో మూడింటితోనూ అవే మనుషుల్ని తీశాం.

సముద్రం దగ్గర మిట్టమధ్యాహ్నం తీసిన ఫొటోల్లో ఏది ఏ కెమెరాదో పోల్చుకోవడం కష్టం. అంత ఎండలో చిన్న సెన్సరుకూ కావలసినంత వెల్తురు దొరుకుతుంది. కాబట్టి ఎండలో తీసిన నమూనా ఫొటోలు చూసి కెమెరా ఎంచుకోకూడదు. మెగాపిక్సెళ్లూ అంతే. ఏ4 కాగితం మీద అంగుళానికి 300 చుక్కల చొప్పున అచ్చువేయడానికి 9 మెగాపిక్సెళ్లు చాలు.

ఎండ వెనకనుంచి పడి ముఖాలు నల్లబడినప్పుడు మాత్రం తేడా వచ్చింది. అలాంటప్పుడు పగలే ఫ్లాష్ వెయ్యాలి. మిర్రర్‌లెస్‌లో ఫ్లాష్ వేసేటప్పుడు షటర్ వేగం మామూలుగా 1/200 సెకను దగ్గరే ఆగిపోతుంది. లీఫ్ షటర్ (లెన్సులోనే ఉండే షటర్) ఉన్న జేబు కెమెరాలో అంతకంటే బాగా ఎక్కువ షటర్ వేగంలో కూడా ఫ్లాష్ పనిచేస్తుంది. కొనేముందు ఫ్లాష్ కెమెరాలోనే ఉందో లేదో చూసుకోండి.

ఇసుకతో అసలు ప్రమాదం బయటికి సాగే లెన్సుకే. గొట్టం అంచులో ఒక్క రేణువు ఇరుక్కున్నా మోటారు లాగలేక లెన్సు మధ్యలో ఆగిపోతుంది. ఇసుక పడిందని అనుమానం వస్తే లెన్సు లోపలికి పోనివ్వకుండా, కెమెరాను కిందికి వంచి రబ్బరు బ్లోయర్‌తో ఊదాలి. గుడ్డతో రుద్దితే రేణువు ఇంకా లోపలికి పోతుంది. మిర్రర్‌లెస్‌కు ఒడ్డున లెన్సు మార్చనే కూడదు. ఏసీ గదిలోంచి తేమగాలిలోకి వచ్చేటప్పుడు కెమెరాను జిప్ కవర్లో మూసి ఉంచి, అరగంట తర్వాత తీస్తే అద్దం మీద ఆవిరి పట్టదు.

కొండ మీద అందరూ మొదట అడిగింది 30 రెట్ల జూమ్ కెమెరానే. పాత ఫిల్ము కెమెరా లెక్కలో 24 మిల్లీమీటర్ల దగ్గర మొదలైతే ఆ జూమ్ 720 దాకా వెళ్తుంది; ఈ అంకె తగ్గేకొద్దీ వెడల్పుగా, పెరిగేకొద్దీ దగ్గరగా కనిపిస్తుంది. కానీ ఆ చివర అపెర్చర్ (లెన్సులో వెల్తురు వచ్చే రంధ్రం) బాగా మూసుకుపోతుంది, చేతి వణుకు పెద్దదై కనిపిస్తుంది. దూరపు కొండకూ మనకూ మధ్య ఉన్న మసక గాలిని ఏ లెన్సూ తొలగించలేదు. ఇంటిల్లిపాదీ ఉన్న ఫొటోలు దాదాపు అన్నీ 24 నుంచి 100 మిల్లీమీటర్ల లోపే వచ్చాయి. పిట్టల్ని తియ్యాలన్న సరదా లేకపోతే పొడవాటి జూమ్‌కు డబ్బు పెట్టనక్కర్లేదు. వెడల్పు వైపు దొరికే కొంచెమే ఎక్కువ పనికొస్తుంది: 28 మిల్లీమీటర్లలో అడ్డంగా 65 డిగ్రీలు పడితే 24లో 74 డిగ్రీలు పడతాయి. ఇరుకు గదిలో చివర నిలబడ్డవాళ్లు ఫ్రేములో ఉంటారా, తెగిపోతారా అన్నది ఆ తేడాలోనే ఉంది.

కెమెరాల అసలు గుణం బయటపడింది మ్యూజియంలో. వెల్తురు తక్కువ, ఫ్లాష్ వెయ్యనివ్వరు, పిల్లలు నిలబడరు. నడిచే పిల్లలకు కనీసం 1/250 సెకను, పరిగెత్తేవాళ్లకు 1/500 కావాలి. ఆటో ఐఎస్‌ఓ (వెల్తురును బట్టి సున్నితత్వాన్ని కెమెరాయే మార్చుకునే ఏర్పాటు) పెట్టి, మెనూలో కనీస షటర్ వేగం 1/250గా బిగించాం. 30 రెట్ల కెమెరా ఫొటోల్లో ముఖాలు మైనం పూసినట్టు వచ్చాయి. ఆ సెన్సరు వైశాల్యం 28 చదరపు మిల్లీమీటర్లే. జేబు కెమెరాది 116, ఏపీఎస్-సీది 366 దాకా.

అయితే సెన్సరు మూడు రెట్లు పెద్దది కదా అని ఏపీఎస్-సీ గెలవలేదు. కిట్ లెన్సు వెడల్పు చివర ఎఫ్/3.5, జేబు కెమెరాది ఎఫ్/1.8; ఈ అంకె ఎంత తక్కువైతే లెన్సు అంత ఎక్కువ వెల్తురు రానిస్తుంది. ఆ తేడా వల్ల జేబు కెమెరా సెన్సరు ప్రతి చదరపు మిల్లీమీటరు మీదా దాదాపు నాలుగు రెట్ల వెల్తురు పడుతుంది. పెద్ద సెన్సరు లాభమంతా అక్కడే చెల్లిపోతుంది. అదే ఏపీఎస్-సీకి 35 మిల్లీమీటర్ల ఎఫ్/1.8 లెన్సు బిగిస్తే మూడు రెట్ల లాభం పూర్తిగా చేతికొస్తుంది. ఆ లెన్సు కొనే ఉద్దేశం లేకుండా కిట్ లెన్సుతోనే సరిపెట్టుకునేవాళ్లు మిర్రర్‌లెస్ బరువు మోయడం నాకు దండగనిపిస్తుంది. జేబు కెమెరాతో మాత్రం జూమ్ చెయ్యకుండా దగ్గరికి నడవాలి. జూమ్ చేసేకొద్దీ ఎఫ్/1.8 పోతుంది.

డబ్బు తక్కువైతే ఒక అంగుళం సెన్సరుదే సెకండ్‌హ్యాండ్‌లో కొనమంటాను. ఆ రకం కెమెరా సోనీ ఆర్‌ఎక్స్100 వచ్చింది 2012లో, తర్వాత వచ్చిన మోడళ్లు చాలానే ఉన్నాయి. చేతికి తీసుకోగానే జూమ్‌ను చివరిదాకా నడిపి, మోటారు గరగరమంటోందేమో వినండి. లెన్సులోకి టార్చి వేసి చూడండి: సాలెగూడులాంటి పోగులు కనిపిస్తే అది ఫంగస్, వదిలెయ్యండి. తెల్లగోడను ఎఫ్/11 దగ్గర తీసి పెద్దది చేసి చూస్తే సెన్సరు మీది దుమ్ము నల్లచుక్కలుగా తేలుతుంది. సాగే లెన్సున్న కెమెరాలో ఆ దుమ్ము తుడవాలంటే మొత్తం విప్పాలి. బ్యాటరీ గదిలో పచ్చగా చిలుము పట్టి ఉంటే తీసుకోవద్దు.

పది పాళ్ల డబ్బులో ఏడు పాళ్లే కెమెరాకు పెట్టండి. మిగతాది రెండో బ్యాటరీకి, కార్డులకు, సంచికి. 4కే వీడియో సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున తీస్తే గంటకు 45 జీబీ పడుతుంది. వీ30 గుర్తున్న (సెకనుకు కనీసం 30 మెగాబైట్లు రాయగల) 64 జీబీ కార్డులు రెండు తీసుకుంటే ఒకటి పాడైనా సగమైనా మిగులుతుంది. కొత్త కార్డును బయల్దేరకముందే పూర్తిగా నింపి, వెనక్కి చదివించి చూడాలి. నకిలీ కార్డు మీద 64 అని రాసి ఉన్నా లోపల అంత చోటుండదు. నిండాక పాత ఫొటోల మీదే కొత్తవి రాసేస్తుంది. విమానంలో అదనపు బ్యాటరీలు చేతిసంచిలోనే ఉండాలి, లగేజీలో వెయ్యనివ్వరు.

రెండు మూడు కెమెరాలుంటే బయల్దేరే ముందు అన్నిటి గడియారాలూ ఫోన్ టైముతో కలపండి, సెకన్లతో సహా. లేదంటే ఇంటికొచ్చి ఒకే ఫోల్డర్లో వేసినప్పుడు వరస తప్పుతుంది. రాత్రి కార్డులోంచి ఫొటోలు ఎక్కించాక వెంటనే ఫార్మాట్ చెయ్యొద్దు. వేరే చోట ఇంకో నకలు చేరేదాకా కార్డును అలాగే ఉంచి, మర్నాడు రెండోది వాడండి.