మళ్లీ ఏడాది కూడా వస్తారా?

సెలవు మీద వైజాగ్ వచ్చి పది రోజులైంది. పొద్దున్నే మావయ్య ఇంటికెళ్తే అరకు కాఫీ కలిపిచ్చారు. ఆయన గిరిజనుల పంటలు కొనే ప్రభుత్వ సంస్థ గిరిజన కార్పొరేషన్‌లో పనిచేసి రిటైరయ్యారు. నేను 2012 నుంచి నైరోబీలో, కాఫీ ఎగుమతి చేసే కంపెనీలో లెక్కలు చూస్తున్నాను.

"అక్కడ రైతుకి డబ్బులెప్పుడిస్తార్రా?" అనడిగారు. వెంటనే జవాబు చెప్పలేకపోయాను.

కెన్యాలో కాఫీ పండే న్యేరి వైపు చిన్న రైతులు కాఫీ పళ్లు కోసి సొసైటీ ఫ్యాక్టరీకి తెస్తారు. టార్పాలిన్ మీద పోసి, పచ్చివీ పుచ్చువీ ఏరేసి, ఎర్రటివే తూకం వేస్తారు. ఆ తూకం చీటీని ఆడవాళ్లు నడుముకి చుట్టుకున్న లేసో గుడ్డ అంచున ముడేసుకుంటారు, అచ్చం మా అమ్మ కొంగున డబ్బులు ముడేసుకున్నట్టే. ఆ చీటీ డబ్బుగా మారడానికి నెలలు పడుతుంది. గింజ ఎండాలి, మిల్లుకెళ్లాలి, అమ్ముడవ్వాలి, సొసైటీ ఖర్చులు పోవాలి.

మా కంపెనీ అక్కడ ఒక స్వచ్ఛంద సంస్థతో చేతులు కలిపింది. కొమ్మలు కత్తిరించడం, ఎరువు వేయడం వాళ్లు నేర్పారు. మంచి గింజకి మేం ఎక్కువ ధర ఇచ్చాం. రైతులు నమ్మి కొత్త మొక్కలు కూడా నాటారు. 2011లో న్యూయార్క్ మార్కెట్‌లో పౌండు మూడు డాలర్లు దాటిన కాఫీ, 2013 చివరికి డాలరు దగ్గరికి పడిపోయింది. మేం కొనడం తగ్గించేశాం. సరిగ్గా అప్పుడే సంస్థ గ్రాంటు గడువూ అయిపోయింది. నాటిన మొక్క కాపుకొచ్చేసరికి మూడేళ్లు. మా ప్రాజెక్టు రెండేళ్లు. చివరి చెల్లింపు రోజున ఒక పెద్దావిడ (అక్కడ అమ్మని 'మామా' అంటారు) చీటీ ముడి విప్పుతూ "మళ్లీ ఏడాది కూడా వస్తారా?" అనడిగింది. వస్తామని చెప్పాను. వెళ్లలేదు. అది ఇప్పటికీ మనసులో కలుక్కుమంటూనే ఉంది.

అదే కెన్యాలో ఎం-పెసా ఉంది, ఫోన్ మీదే డబ్బు పంపుకునే పద్ధతి. బ్రిటన్ ప్రభుత్వ సాయనిధి కొంత, వొడాఫోన్ కొంత పెట్టుబడి పెడితే ప్రయోగంగా మొదలై, 2007లో అక్కడి ఫోన్ కంపెనీ సఫారీకామ్ చేతుల్లో జనంలోకి వచ్చింది. మొదట్లో నష్టపోయే భయాన్ని సాయం డబ్బు పంచుకుంది. తర్వాత కంపెనీకి అది లాభసాటి వ్యాపారమే అయింది కాబట్టి నిలబడింది.

ఇదంతా విని మావయ్య అరకు సంగతి ఎత్తారు. గిరిజన కార్పొరేషన్ 1956 నుంచి ఉంది. తర్వాత నాంది ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ రైతులతో సహకార సంఘం కట్టించింది, యూరప్ కంపెనీల నిధితో చెట్లు నాటించింది. అరకు కాఫీ దుకాణం 2017లో పారిస్‌లోనే తెరిచారు. "పేరు తర్వాతొచ్చిందిరా. సంతలో షావుకారు అప్పిచ్చి పంట పట్టుకుపోయే చోట, ఏటా వచ్చి కొనేవాడు ఉండడం, అదీ ముందు కావాల్సింది" అన్నారు.

న్యేరిలో కొత్త ఒప్పందం రాస్తున్నాం. ధర పడినా ఐదేళ్లు కొంటామని, కనీస ధర ఇంత అని అందులో ఉండాలని నేను పట్టుబడుతున్నాను. మేనేజరు మూడేళ్ల దగ్గరే ఆగాడు. వచ్చే వారం వెళ్లగానే మళ్లీ అడుగుతాను. అక్టోబరులో కోతలు మొదలవుతాయి.