ముగ్గురితో పెటాంక్

పెటాంక్ అంటే కోషొనె అనే చిన్న బంతికి వీలైనంత దగ్గరగా ఇనప గుండ్లు వేసే ఆట. కోషొనెకి బెత్తెడు దూరంలో ఒకరి గుండు ఆగింది. ఇప్పుడు మిగిలిన ఇద్దరిలో ఎవరు వెయ్యాలి? ఇవాళ ఆట కాసేపు అక్కడే ఆగిపోయింది.

ఇద్దరే ఆడుతుంటే తేలిక, పాయింట్ చేతిలో లేనివాళ్లు, అంటే కోషొనెకి ఎక్కువ దగ్గరగా గుండు లేనివాళ్లు వేస్తారు. ముగ్గురైతే ఒక్కొక్కరి దగ్గరి గుండు చూసి, ఎవరిది అందరికన్నా దూరంగా ఉందో వాళ్లు వెయ్యాలి. ప్రతి గుండు తర్వాతా మళ్లీ చూడాలి. కంటిచూపుతో తేలదు, టేపు దగ్గరుండాల్సిందే.

తలా 3 గుండ్లు, మొత్తం 9. కోషొనె 6 నుంచి 10 మీటర్ల లోపు, గెలుపు 13కి, అవన్నీ మామూలే. పాయింట్లు మాత్రం రౌండుకి ఒక్కరికే. మిగతా ఇద్దరి గుండ్లలో అన్నిటికన్నా దగ్గరున్నదాన్ని మించి దగ్గరగా తనవి ఎన్ని ఉంటే అన్ని.

అసలు చిక్కు ఒకరు 12కి చేరాక వస్తుంది. మిగతా ఇద్దరూ ఒకటై ఆ గుండునే కొడతారు, కుదరకపోతే కోషొనెనే గిరి దాటిస్తారు. నాకైతే అది తప్పు కాదు, ముగ్గురి ఆటకి ప్రాణమే అది. కానీ కోషొనె గిరి దాటేటప్పటికి ఇద్దరి చేతుల్లో గుండ్లు మిగిలుంటే పాయింట్లు ఎవరికి? ఆ రౌండు రద్దు అని మొదలుపెట్టే ముందే అనుకోండి.

ఇంకోటి, ముగ్గురి గుండ్ల సెట్ల మీదా గీతలు వేరువేరుగా ఉండాలి. ఒకేలా ఉంటే 9 గుండ్లు పడ్డాక ఎవరిదేదో తేల్చడానికే సాయంత్రం అయిపోతుంది.